భూపాలపల్లికి దానిమ్మ పండ్లు

భూపాలపల్లికి ఎవరూ యాత్రకు పోరు. కాళేశ్వరం పోయేవాళ్లు దాని మీదుగా పోతారు. బొగ్గు లారీ ఎదురైతే కిటికీ అద్దం జరుపుకొని, గోదావరి వచ్చేదాకా కళ్లు మూసుకుంటారు. నేను మాత్రం పనిగట్టుకొని అక్కడికే పోయి వచ్చాను. పోనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చదివినాక కూడా మీకు పోబుద్ధి కాకపోతే నాకేం నష్టం లేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది తల నెరిసినాక, మనుమరాలు బడికి పోవడం మొదలుపెట్టిన ఏడు, దాని పలక మీదే. లేటుగా నేర్చుకున్నవాళ్లు అచ్చులో ఉన్నదల్లా నమ్ముతారని అంటారు. నాకు ఆ జబ్బు రాలేదు. చదవడం వచ్చినాకనే అచ్చులో ఎంత అబద్ధం పడుతుందో తెలిసింది. మందు డబ్బా, పెండ్లి పత్రిక, ఎన్నికల కాగితం, దేన్నీ వదలను.

ఈ మధ్య చదివింది మనుమరాలికి పరుగుపందెంలో బహుమతిగా వచ్చిన పుస్తకం. ఆ పిల్ల దాన్ని ముట్టలేదు కాబట్టి నాకు దక్కింది. గ్రీకు దేశపు పాత కథలు. కథలు బాగానే ఉన్నాయి. ప్రతి కథ కింద ఒక గడి గీసి, అందులో 'నీతి' అని ఒక ముక్క రాశారు. నా తగాదా ఆ గడితోనే. ఒక తండ్రి మైనంతో రెక్కలు చేసి కొడుకు భుజాలకు అంటించి ఆకాశంలోకి తోలాడు. ఎండకు మైనం కరిగి పిల్లవాడు సముద్రంలో పడ్డాడు. నీతి: పెద్దల మాట వినాలి. మైనంతో రెక్కలు చేసిన పెద్దమనిషికి మాత్రం ఏ నీతీ లేదు. ఇంకో కథలో ఒక నేతపిల్ల దేవత కంటే నాణ్యంగా నేసింది. దేవతకు కడుపుమండి ఆ పిల్లను సాలెపురుగును చేసింది. నీతి: గర్వం పనికిరాదు. ఎవరి గర్వమో రాయలేదు.

ఇక తల్లీబిడ్డల కథ. తల్లి డిమీటర్, పంటల దేవత. బిడ్డ పెర్సెఫొని. పిల్ల పూలు కోస్తుంటే భూమి పగిలి పాతాళపు రాజు బయటికి వచ్చి ఎత్తుకుపోయాడు. పిల్ల తండ్రి ముందే ఒప్పుకున్నాడట, తల్లికి చెప్పలేదట. తల్లి కోపానికి లోకంలో ఒక్క గింజ మొలవలేదు. చివరికి దేవతలు భయపడి పిల్లను పంపమన్నారు. కాని పిల్ల అక్కడ కొన్ని దానిమ్మ గింజలు తిన్నది. పాతాళంలో తిన్నవాళ్లు పాతాళానికే చెందుతారు, అది రూలు. అందుకని ఏడాదిలో కొన్ని నెలలు పైన, కొన్ని నెలలు కింద. కింద గడిలో నీతి: ఎవరు ఏది ఇచ్చినా ఆలోచించకుండా తినరాదు.

ఎత్తుకుపోయినవాడు ఉన్నాడు, ఒప్పుకున్న తండ్రి ఉన్నాడు. బుద్ధి చెప్పడానికి దొరికింది గింజలు తిన్న పిల్ల.

ఈ కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. నేను ప్రయాణం కట్టింది ఇలాంటి పని మీదే.

జనగామ

మా అక్క ఊరు జనగామకు దగ్గర్లో, పాలకుర్తి రోడ్డు మీద. శ్రావణం నడుస్తోంది. ఈసారి వానలు అదనుకే పడ్డాయి. రోడ్డుకు రెండు పక్కలా పత్తి మోకాలెత్తు లేచింది. అక్క చేను దగ్గరికి వచ్చేసరికి గరిక, తుంగ, వయ్యారిభామ. నాలుగెకరాల నల్లరేగడి బీడు పెట్టింది. విత్తనం ఎందుకు పెట్టలేదని పక్క చేనివాళ్లు అడిగితే "నా బిడ్డ ఇంటికొచ్చినంక పెడుత" అన్నదట. అక్కకు అక్షరం రాదు. గ్రీకు దేవత సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

బిడ్డ పేరు స్వరూప. అక్కకు ఒక్కతే. అల్లుడు కుమార్ భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బాయి అంటే అక్కడ గని. పోయిన ఏడు బండి మీద వస్తూ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అతని కొలువు భార్యకు ఇచ్చారు. శిక్షణ అయిపోయింది. సోమవారం పొద్దున స్వరూప మొదటిసారి పనికి భూమి కిందికి దిగాలి. ఆలోపు దాన్ని ఇంటికి తేవాలి. అందుకు అక్క నన్ను పిలిపించింది.

"బాయిలకు తోలనీకా చెల్లె నేను దాన్ని కన్నది?" అన్నది అక్క.

"పైన ఆఫీసుల పనియ్యమంటే ఇయ్యరా?"

"ఇస్తమన్నరట. ఇదే వద్దన్నదట. దానికంత తెలివెక్కడిది? అత్త నేర్పిచ్చింది. ఆ రాజవ్వ. కొడుకు జీతం ఆగిందని నా బిడ్డను దింపుతున్నది."

"నువ్వే పోయి అడుగరాదు?"

"నేను పోతె ఏడుస్త. నీకు ఏడుపు రాదు. నువ్వు పో."

ఇది మెచ్చుకోలా తిట్టా అని నేను అడగలేదు.

సంచి కట్టేటప్పుడు ఇంకో మాట చెప్పింది. "అక్కడ మంచినీళ్లు గూడ ముట్టకు. ఇంతవరకు మనం ముట్టలే."

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా దగ్గర బిడ్డను ఇచ్చిన ఇంట్లో, ఆమెకు ఒక కాన్పు అయ్యేదాకా, తల్లివైపు వాళ్లు బువ్వ తినరు. పోతారు, గడపలో కూర్చుంటారు, తెచ్చింది ఇస్తారు, కడుపు మాడ్చుకొని వస్తారు. స్వరూపకు పిల్లలు కాలేదు. ఇప్పుడు మొగుడు లేడు. అంటే మా అక్క తన బిడ్డ చేతి బువ్వ ఇక ఎన్నటికీ తినకూడదు. గ్రీకువాళ్ల రూలు తిన్నవాళ్లను పట్టి ఉంచుతుంది, మాది తిననివాళ్లను వాకిట్లో నిలబెడుతుంది. రెండు రూళ్లూ పెట్టింది ఎవరోగాని, కడుపు నిండా తిని ఉంటారు.

అక్క నాకు జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు, పెరుగన్నం, రెండు సీసాల నీళ్లు కట్టి ఇచ్చింది. వట్టిచేతులతో పోవద్దని జనగామ బస్టాండు బయట బండి మీద దానిమ్మ పండ్లు కొన్నాను. వందకు నాలుగు అన్నాడు. అయిదు అడిగితే "నాలుగే అవ్వ, నాకు గూడ ఇల్లున్నది" అన్నాడు. కథ యాదికొచ్చి కొన్నానని అనుకోకండి. ఆపిల్ కంటే చౌక.

పెద్దవంగర దాటినాక, తండా

శనివారం సాయంత్రానికి మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర దగ్గరి తండాలో దిగాను. అక్కడ కమ్లి ఉంది. మేమిద్దరం వయసులో ఉన్నప్పుడు పత్తి ఏరే కూలికి ఒక్క సాలులో నడిచినవాళ్లం. తర్వాత కమ్లి తండా ఆడవాళ్లను కూడగట్టి ఏటా అక్క చేనుకు కూలికి తీసుకొస్తోంది.

తండాలో తీజ్ పండుగ నడుస్తోంది. పెండ్లికాని పిల్లలు బుట్టల్లో ఎర్రమన్ను పోసి గోధుమలు చల్లుతారు, రోజూ పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. తొమ్మిదో రోజు ఆ మొలకలను చెరువులో కలుపుతారు. మేము బతుకమ్మకు పూలు పేర్చి నీళ్లలో వదులుతాం, వీళ్లు మొలకలు పెంచి వదులుతారు. తేడా ఏమిటంటే వదిలేటప్పుడు వీళ్లు ఏడుస్తారు, మేము ప్రసాదం పంచుకుంటాం. కమ్లి ఇంటి ముందు ఆకుపచ్చ బుట్టలు వరుసగా వేలాడుతున్నాయి. పిల్లలు వాళ్ల లంబాడీ భాషలో నన్ను చూసి ఏదో అని నవ్వారు.

"ఏమంటున్నరు?" అన్నాను.

"ఈ ముసలామె మన బుట్టలు తింటదా ఏంది, గట్ల చూస్తున్నది అంటున్నరు" అన్నది కమ్లి.

కమ్లి ఇంట్లో రూలు లేదు కాబట్టి తిన్నాను. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, పప్పు. కారం నషాళానికి అంటింది. తింటుండగానే కమ్లి అసలు మాట ఎత్తింది.

"మీ అక్కకేమైంది? విత్తనం పెట్టనీకి ఎప్పుడు రావాలె అని ఫోన్ జేసిన. ఈసారి పెడుతలేను అన్నది. ఎందుకంటే చెప్పదు."

చెప్పాను. ఆ వేడిలోనే గ్రీకు కథ కూడా చెప్పాను. కమ్లి రొట్టె చేతిలో పట్టుకొని చివరిదాకా విన్నది.

"ఎన్ని రోజులు ఎండబెట్టింది ఆ తల్లి?"

"బిడ్డ వచ్చేదాకా."

"మరి ఆ ఏడు కూలోళ్లేం తిన్నరు?"

"పుస్తకంల లేదు."

"ఉండదు. దేవత ఏడ్సింది రాస్తరు. కూలోళ్లు ఏడ్సింది ఎవడు రాస్తడు? మీ అక్క నాలుగెకరాలు బీడు వెట్టింది. ఈసారి మా ఆడోళ్లు మిర్పకాయ తెంపనీకి ఖమ్మం దిక్కు పోవాలె, పిల్లల్ని ఇడిసిపెట్టి. మీ అక్క బిడ్డ ఒక్కతేనా బిడ్డ?"

నేను ఇంకో రొట్టె ముక్క తుంచి కారంలో అద్దుకున్నాను.

పొద్దున బయలుదేరుతుంటే కమ్లి ఒక సంచి తెచ్చి నా నెత్తిన పెట్టింది. బరువుకు మెడ లోపలికి దిగింది.

"ఏంది గది?"

"ఉలవలు. పత్తికి అదను పోయింది. ఉలవలకు ఇంకా ఉన్నది. మీ అక్కకియ్యి. నేనిచ్చిన అనకు, కోపానికి పారబోస్తది. ఇత్తితే పీకనీకి మేమొస్తం."

"తిరిగొచ్చేటప్పుడు పట్కపోత."

"తిరిగొచ్చేటప్పుడు నువ్వు ఈ దిక్కు రావు. నాకు తెల్వదా నీ సంగతి. ఇప్పుడే పట్కపో."

పరకాల బస్సు

తొర్రూరు నుంచి హనుమకొండ, అక్కడి నుంచి పరకాల. ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా అని కొట్టి ఇస్తారు. టికెట్ కొన్న మగవాళ్లు నిలబడి మనల్ని చూసే చూపుకు మాత్రం విలువ కట్టలేం.

నా పక్కన కోస్తా వైపు నుంచి కాళేశ్వరం పోతున్న ఒక జంట కూర్చున్నారు. భర్త కిటికీ పక్కన నిద్రపోతున్నాడు. భార్య నా చేతిలో పుస్తకం చూసింది.

"మీరు చదువుతారా అండీ?"

"చదువుత."

"అబ్బ, ఎంత బాగా మాట్లాడతారండీ మీరు. అచ్చం సినిమాలో కామెడీ వాళ్లలాగే."

ఆమెకు చెడ్డ ఉద్దేశం లేదు. అదే ఎక్కువ కష్టం. తిట్టడానికి వీలుండదు. "నువ్వు గూడ మంచిగనే మాట్లాడుతున్నవ్ బిడ్డా. జర సాగదీస్తవ్ గంతే" అన్నాను. భర్త కళ్లు తెరవకుండానే నవ్వాడు.

సరిగ్గా అప్పుడు డ్రైవర్ ఒక గేదె కోసం బ్రేకు తొక్కాడు. నా సంచి బోర్లాపడి దానిమ్మ పండ్లు బస్సంతా దొర్లాయి. ఒకటి డ్రైవర్ దాకా పోయింది. ఆ కోస్తా ఆమె సీట్ల కింద చీర మాపుకొని వంగి రెండు తెచ్చి ఇచ్చింది. సాగదీస్తుందన్న మాట కొంచెం వెనక్కి తీసుకోబుద్ధయింది, కాని తీసుకోలేదు. నాలుగో పండు దొరకలేదు. కాళేశ్వరం చేరి ఉంటుంది. అన్నిటికంటే పుణ్యం దానికే దక్కింది.

మొగుళ్లపల్లి

పరకాల నుంచి ఆటోలో మొగుళ్లపల్లి. స్వరూప అత్త రాజవ్వ ఉండేది అక్కడ. బిడ్డను పాతాళానికి దింపుతున్న మనిషి ఈమే అని అక్క చెప్పింది కదా. కొంచెం గట్టిగానే దులపాలని దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ పోయాను.

రాజవ్వ వాకిట్లో కూర్చొని కందిపప్పు చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు.

"రా వదినె. మోకాళ్లు ఇయ్యాల లేస్తలేవు. కూసో. నీళ్లు తాగుతవా?"

నేను సంచిలోంచి సీసా తీసి తాగాను. రాజవ్వ చేట ఆపి చూసింది.

"సీసల దెచ్చుకున్నవా? మా నీళ్లల్ల ఏమన్న కల్పినమా?"

"నీకు తెల్వనిదా వదినె. మా రివాజు."

"తెలుసు. కొడుకు ఉన్నన్ని దినాలు మీ అక్క గిట్లనే గడపల కూసున్నది. కొడుకు పోయిన నాడు గూడ చుక్క నీళ్లు తాగలే. ఏడ్సి ఏడ్సి పడిపోతె పక్కింటోళ్లు తాపిచ్చిన్రు. గంత రివాజు." చేట మళ్లీ ఊపింది. "దేనికొచ్చినవో చెప్పు."

"స్వరూపను బాయిలకు దింపుతున్నవట."

"నేనా?" రాజవ్వ చేట పక్కన పెట్టింది. "నా మొగడు బతికినన్ని దినాలు దిగిండు. నా కొడుకు దిగిండు. ఇద్దరు పొద్దున పోతుంటే నేను వాకిట్ల నిలవడి సూసిన. ఇంకొకల్ని గూడ గట్ల చూడాల్నా నేను? నేను గూడ వద్దన్న. ఆఫీసుల పని తీస్కో బిడ్డా, చాయ్ కప్పులు కడుగు, పైన ఉండు అన్న. వినలే. నీ బిడ్డ మొండిది వదినె. ఏ అత్త దింపుతది దాన్ని? నేను ఎక్కు అంటె దిగుతది."

"అక్క నువ్వే అంటున్నది."

"అంటది. నన్ను యముని లెక్క చూస్తది. కొడుకు పోయినంక చిన్నదానివి, పుట్టింటికి పో, మళ్ల చేసుకో అని గూడ చెప్పిన. 'నిన్నెవరు చూస్తరు' అన్నది. నన్ను మా చేను చూస్తది అన్న."

పేర్చుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. పాతాళరాజు అనుకొని వస్తే మోకాళ్ల నొప్పుల మనిషి దొరికింది. వచ్చేటప్పుడు రాజవ్వ ఒక చిన్న సీసాలో మామిడికాయ తొక్కు ఇచ్చింది, కోడలికి ఇమ్మని. నా చేతిలో ఉలవల సంచి చూసి "గివి ఎవలకు?" అన్నది. అక్కకు అన్నాను. "విత్తనం పెట్టలేదా ఆమె?" అని నా ముఖం చూసింది. సంగతి అర్థమైంది. "పిచ్చిది" అన్నది, తిట్టినట్టు కాదు.

భూపాలపల్లి

పాతాళం ఎలా ఉంటుందో పుస్తకంలో బొమ్మ ఉంది. నల్ల సింహాసనం, మూడు తలల కుక్క. ఇక్కడ క్వార్టర్ల ముందు తులసి కోటలు, స్కూటర్లు, ఆరబెట్టిన అప్పడాలు. కుక్కలు ఉన్నాయి. తలలు ఒక్కొక్కటే. బొగ్గు దుమ్ము ఆకుల మీద, గోడల మీద ఉన్నమాట నిజమే. దానికి అక్కడివాళ్లు అలవాటుపడ్డారు. ఆదివారం మధ్యాహ్నం మటన్ కూర వాసన మాత్రం ప్రతి ఇంట్లోంచి వస్తోంది. నా పెరుగన్నం ఆ సరికే పులిసి పొంగింది. మూలమలుపు దగ్గర ఒంటితల కుక్కకు పెట్టాను. అది కూడా ఒకసారి ఆలోచించింది.

స్వరూప తలుపు తీసి నవ్వింది. ఏడుస్తుందనుకొని వచ్చాను, కొంచెం చిరాకేసింది.

"అమ్మ తోలిచ్చిందా?"

"తోలిచ్చింది. సంచి సదురుకో. రేపు పొద్దున బస్సుకు పోదాం."

"ముందు బువ్వ తిను చిన్నమ్మ."

"ఆకలైతలేదు."

నా కడుపు అదే టైముకు అరిచింది. ఇద్దరం విన్నాం. చౌరస్తాలో ఏదైనా పని చూసుకొని వస్తానని లేచాను. స్వరూప తలుపుకు అడ్డం నిలబడింది.

"హోటలుకు పోతున్నవా?"

నేను చెప్పుల కోసం చూశాను.

"హోటలోడు నీకేమైతడు చిన్నమ్మ? వాని పేరు గూడ నీకు తెల్వదు. వాని బువ్వ తింటవ్. నన్ను ఎత్తుకొని పెంచినవ్, నాది తినవ్."

"నేను పెట్టిన రివాజా బిడ్డా ఇది?"

"కాదు. నువ్వు పెట్టింది కాదు. నడిపిచ్చేది నువ్వు."

అది అంత మాట అన్నాక హోటలుకు కూడా పోలేకపోయాను. కూర్చొని దాని కోసం తెచ్చిన దానిమ్మ పండు నేనే ఒలుచుకొని తిన్నాను. బయటి నుంచి నేను తెచ్చింది కాబట్టి రూలుకు తగలదు. ఇలాంటి లెక్కలు వేయడంలో మనల్ని మించినవాళ్లు గ్రీకుల్లో కూడా ఉండరు. స్వరూప చూస్తూ కూర్చుంది.

"అత్త నిన్ను పంపుతలేదని తెలిసింది" అన్నాను కాసేపటికి. "మరి ఎవరు పంపుతున్నరు?"

"ఎవరు పంపుతలేరు. నేనే అడిగిన. పైన ఉంటే చాయ్ మోసుడు, ఊడ్సుడు. వచ్చినోడల్లా 'కుమార్ పెండ్లామా, పాపం' అంటడు. ఆర్నెల్ల సంది గదే వింటున్న. కింద నీళ్లు తోడే మోటర్లుంటయి. అవి నడిపే పని నేర్పిన్రు. మోటరు పాపం అనదు."

"భయమైతలేదా?"

"అయితది. శిక్షణల ఒక్కసారి దింపి చూపిచ్చిన్రు. పక్కపిల్ల చెయ్యి ఇడువలే నేను. ఆయన రోజూ దిగేటోడు, ఇంటికొచ్చి ఒక్కనాడు గూడ చెప్పలే అక్కడ ఎట్లుంటదో. నేనడిగితే 'చీకటి ఉంటది, నీకెందుకు' అనేటోడు." ఇంకో పండు ఒలిచి గింజలు గిన్నెలోకి దులుపుతూ ఆగింది. "ఎట్లుంటదో నాకు తెల్వాలె చిన్నమ్మ. అమ్మకు గది చెప్పు."

"అమ్మ చేను బీడు పెట్టింది."

ఇది దానికి తెలియదు. ఫోన్లో అక్క చెప్పలేదు. స్వరూప ముఖం మొదటిసారి మారింది. "నా కోసమా?" అన్నది. గిన్నెలో గింజలు కెలుకుతూ కూర్చుంది. నేను గెలిచాననే అనుకున్నాను. పొద్దుగూకుతుండగా లేచి, నా ఉలవల సంచి విప్పి, అడగకుండా రెండు దోసిళ్లు తీసి నానబోసింది.

"గవి విత్తనాలు" అన్నాను.

"అన్ని విత్తనాలే. రెండు దోసిళ్లు తక్కువైతె చేను అలుగదు."

బాయి ముందు

పొద్దున స్వరూప సంచి సర్దలేదు. టిఫిన్ డబ్బా సర్దుకుంది. నేను వెంబడి పోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను, ఆఖరి నిమిషంలో భయపడి వెనక్కి వస్తుందనే ఆశ ఒకటి ఉండవచ్చు. గేటు దగ్గర మగవాళ్ల మధ్య నలుగురు ఆడపిల్లలు, టోపీలు, బూట్లు. బూట్లు ఒక్కరికీ సరిపోయినట్టు లేవు. లోపలికి పోయేముందు స్వరూప తిరిగి నా వైపు చెయ్యి ఊపింది. బడికి పోయేటప్పుడు కూడా అట్లనే ఊపేది. తర్వాత కనబడలేదు.

నేను ఎదురుగా చాయ్ దుకాణం బల్ల మీద కూర్చున్నాను. దుకాణం నడిపే ముసలామె అడిగింది, "మొదటి దినమా?"

"ఆఁ. నా బిడ్డ లెక్క."

"చాయ్ తాగు. మొదటి దినం అందరు గీడనే కూసుంటరు. రెండో దినం ఎవరు రారు."

చాయ్ పది రూపాయలు, అల్లం ఎక్కువ, పాలు తక్కువ. ఆ పూట పుస్తకం తీశాను. పిల్ల పాతాళంలో ఉన్నన్ని నెలలు తల్లి ఏం చేసిందో ఉంది, దేవతలు ఏం మాట్లాడుకున్నారో ఉంది. పిల్ల అక్కడ ఏం చూసిందో, ఎవరితో నవ్విందో, ఏ పని నేర్చిందో ఒక్క ముక్క లేదు. ఎవరూ అడగలేదు. నన్ను చూసుకుంటే నేను కూడా నిన్నటి దాకా సంచి సదురుకో అన్నానే గాని, ఎట్లుంటది అని అడిగింది లేదు. పుస్తకం మూసి సంచిలో అడుగుకు వేశాను, దానిమ్మ కింద.

షిఫ్టు దిగాక బయటికి వచ్చిన మనుషుల్లో దాన్ని పోల్చుకోవడానికి టైం పట్టింది. ముఖం నల్లగా ఉంది, పండ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. నవ్వుతోంది కాబట్టి పండ్లు కనిపించాయి.

"ఎట్లున్నది?" అన్నాను.

"ఉక్కపోత. నీళ్లు మోకాళ్ల దాక. మోటరు రెండు సార్లు ఆగింది. ఒక్కసారి నేనే నడిపిచ్చిన." బూటు విప్పి అందులోంచి నల్లనీళ్లు ఒంపింది. "ఆయన పేరు చెప్తే ఒకాయన నాకు గోడ మీద గుర్తు చూపిచ్చిండు. సుద్దతోని ఆయనే గీసిండట, ఇక్కడ కాలు జారుతది జాగ్రత్త అని. ఇంకా ఉన్నది గది."

అది ఏడవలేదు. నాకు ఏడుపు రాదని అక్క అన్నది కదా. చాయ్ దుకాణం ఆమె వైపు తిరిగి డబ్బులు వెతుక్కున్నాను.

ఇంటికి వచ్చి స్వరూప స్నానం చేసింది. బండ మీదికి పారిన నీళ్లు చాలాసేపు నల్లగానే వచ్చాయి. నిన్న నానబోసిన ఉలవలు ఉడకబెట్టి చారు కాచింది, అన్నం వండింది. అత్త ఇచ్చిన తొక్కు పక్కన పెట్టుకుంది. ఒక్క కంచమే తీసింది. నన్ను అడగలేదు. నిన్న అడిగి చాలించుకుంది.

నేను లేచి ఇంకో కంచం నేనే తీసుకొని దాని ముందు కూర్చున్నాను.

"పెట్టు" అన్నాను.

చారులో ఉప్పు ఎక్కువైంది. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

మళ్లీ జనగామ

మంగళవారం అక్క వాకిట్లో నిలబడి ఉంది. నా వెనక ఎవరైనా దిగుతారేమో అని ఆటో పోయేదాకా చూసింది. తర్వాత నా చేతులు చూసింది.

"రాలేదా?"

"రాలే. దిగింది. సెలవు దొరికినప్పుడల్లా వస్త అన్నది. ఈ ఆదివారం మాత్రం నువ్వే రావాలట."

అక్క గడపలో కూర్చున్నది. రాజవ్వ సంగతి, సుద్ద గుర్తు సంగతి, మోటరు సంగతి అన్నీ చెప్పాను. కూలోళ్లేం తిన్నరని కమ్లి అడిగింది కూడా చెప్పాను. ఉలవల సంచి గోడకు ఆనించాను. ఎవరు ఇచ్చారో చెప్పలేదు.

చివరికి అక్క అడిగింది ఒక్కటే. "అక్కడ తిన్నవా?"

"తిన్న."

అక్క నన్ను చూసిన చూపుకు నేను తల దించుకోలేదు. అక్క కొంగుతో ముక్కు తుడుచుకొని అడిగింది.

"ఏం వండింది?"

"ఉలవచారు. ఉప్పు బాగ ఏసింది."

"చిన్నప్పటి సంది దాని చెయ్యి గంతే" అన్నది అక్క. "ఎన్నిసార్లు చెప్పిన దానికి. ఉలవలు ఉడికినంక ఉప్పెయ్యాలె, ముందుగాల ఎయ్యొద్దు అని. ఆదివారం పోయి నేనే జూపిస్త."

పొద్దున నేను లేచేసరికి అక్క ఇంట్లో లేదు. గోడ పక్కన సంచి కూడా లేదు. చేను వైపు నుంచి ట్రాక్టరు చప్పుడు, దాని వెనక డ్రైవర్‌ను తిడుతున్న అక్క గొంతు వినబడుతున్నాయి, సాలు వంకర పోతోందని.